గిలా నది ఎండిపోయాక వచ్చిన షుగర్

ల్యాబ్‌లో గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, మళ్లీ రక్తం తీస్తారు. రిపోర్టులో అంకె 200కు చేరితే షుగర్ ఉన్నట్టు లెక్క. గుంటూరులోనైనా కరీంనగర్‌లోనైనా ఇదే పద్ధతి. ఆ గీత 200 దగ్గరే ఎందుకు గీయాలో వైద్యలోకానికి తెలిసింది చాలావరకు ఒక చిన్న ఆదివాసీ తెగ రక్తం వల్ల. అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఉండే ఆ తెగను బయటివాళ్లు పిమా అంటారు. వాళ్లు మాత్రం తమను అకిమెల్ ఓధమ్ అని చెప్పుకుంటారు. అంటే ఏటి మనుషులు.

ఆ ఏరు పేరు గిలా. ఇప్పుడు ఫీనిక్స్ నగరం ఉన్న చోటికి దక్షిణంగా పారేది. దాని ఒడ్డున వాళ్లు తరతరాలుగా కాలువలు తవ్వి మొక్కజొన్న, గుమ్మడి, పత్తి పండించారు. స్పెయిన్ వాళ్లు వచ్చాక గోధుమ కూడా వేశారు. వీటితో పాటు టెపరీ అనే చిక్కుడు జాతి గింజ. ఒకటి రెండు వానలు పడితే చాలు, ఎడారిలో కూడా కాస్తుంది. పీచు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతుంది. 1849లో కాలిఫోర్నియా బంగారం కోసం ఆ దారిన పోయిన వేలమందికి తిండీ నీళ్లూ దొరికింది వీళ్ల ఊళ్లలోనే. అమెరికా సైన్యానికి లక్షల పౌండ్ల గోధుమలు అమ్మారు. ఎడారిలో మిగులు పంట తీసిన రైతులు వాళ్లు.

1859లో ప్రభుత్వం వాళ్లకు రిజర్వేషన్ ఇచ్చింది. అక్కడ రిజర్వేషన్ అంటే తెగకు హద్దులు గీసి వదిలిన నేల. ఆ తర్వాతి దశాబ్దాల్లో కొత్తగా వచ్చి స్థిరపడ్డవాళ్లు ఎగువన నదిని తమ పొలాలకు మళ్లించుకున్నారు. పైవాడు నీళ్లు ఆపితే కిందివాడికి ఏమవుతుందో కృష్ణా ఆయకట్టు చివరి రైతుకు వేరే చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దం ముగిసేసరికి గిలా ఇసుకమేటగా మిగిలింది. ఆకలికి తట్టుకోలేక జనం చుట్టూ ఉన్న మెస్కీట్ చెట్లు కొట్టి కట్టెలు అమ్ముకున్నారు. ఆ చెట్ల కాయలే ఎండబెట్టి దంచి పిండి చేసుకునే తిండి. పంట పోయింది, దానితో పాటు అడవి తిండీ పోయింది. వీళ్లకు నీళ్లివ్వడానికే అని చెప్పి కట్టిన కూలిడ్జ్ డ్యామ్‌ను 1930లో ప్రారంభించారు. నీళ్లు మాత్రం చాలినన్ని ఏనాడూ రాలేదు.

నీళ్లకు బదులు రేషన్ వచ్చింది. మైదా, చక్కెర, పందికొవ్వు. ఆ ప్రాంతపు తెగల వంటింట్లోకి ఫ్రైబ్రెడ్ వచ్చింది ఇలాంటి రేషన్ మూటల్లోంచే. మైదాలో ఉప్పు, బేకింగ్ పౌడర్ కలిపి ముద్ద చేసి, అరచేతుల మధ్య సాగదీసి, కాగే కొవ్వులో వేస్తారు. మన పూరీకంటే మందంగా ఉబ్బుతుంది. ఇప్పుడు పండగకీ పబ్బానికీ అదే. ఆకలి రోజుల్లో పిల్లల కడుపు నింపిన తిండిని తప్పుపట్టే హక్కు బయటివాళ్లకు లేదని నా అభిప్రాయం.

20వ శతాబ్దం మొదట్లో అక్కడ తిరిగిన పరిశోధకుడు అలేష్ హర్డ్లిచ్కా తన 1908 నివేదికలో రాసింది ఒక్క షుగర్ కేసే. 1937లో ప్రసిద్ధ డాక్టర్ ఎలియట్ జాస్లిన్ వెళ్తే 21 కనబడ్డాయి. అప్పటికి అది పెద్ద వింత కాదు. 1963లో కీళ్లవాతం గురించి చూద్దామని ప్రభుత్వ పరిశోధక బృందం వెళ్లింది. పరీక్ష చేస్తే చాలామంది రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది. 1965లో మొదలైన అధ్యయనం నాలుగు దశాబ్దాలు సాగింది. ఐదేళ్లు నిండిన ప్రతివాళ్లనూ రెండేళ్లకోసారి పిలిచి గ్లూకోజ్ తాగించి రక్తం తీశారు. 35 ఏళ్లు దాటినవాళ్లలో సగం మందికి షుగర్ ఉందని 1971లో పీటర్ బెనెట్ బృందం ప్రకటించింది. అప్పటికి లోకంలో ఎక్కడా అంత లేదు.

ఆ అంకెల్ని గ్రాఫ్ మీద పెడితే రెండు గుట్టలు లేచాయి. ఒకటి ఆరోగ్యవంతులది, రెండోది రోగులది. కన్నూ కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు దాదాపు అందరూ రెండో గుట్టలోనే ఉన్నారు. రెండింటి మధ్య లోయ ఉన్న చోటే మన రిపోర్టులోని 200.

మరి ఎందుకొచ్చింది? కరువుకు అలవాటైన ఒళ్లు తిండిని దాచుకుంటుందని జన్యు శాస్త్రవేత్త జేమ్స్ నీల్ 1962లో ప్రతిపాదించిన పొదుపు జన్యువు ఊహను తర్వాత వీళ్లకు అంటగట్టారు. వంశపారంపర్యం లేదని కాదు. కానీ మెక్సికోలోని సోనోరా కొండల్లో మాయ్‌కోబా అనే ఊళ్లో వీళ్ల రక్తసంబంధీకులే ఉన్నారు. పొలం పని, కొండదారి నడక, మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు. 2006లో వచ్చిన పోలిక ప్రకారం అక్కడి పిమాల్లో షుగర్ 6.9 శాతం, అరిజోనాలో 38 శాతం. నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకోటి కూడా అక్కడే తేలింది. ఒకే తల్లి బిడ్డల్లో, ఆమెకు షుగర్ వచ్చాక పుట్టినవాళ్లకు ముందు పుట్టినవాళ్లకంటే ముప్పు బాగా ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడే చక్కెర అదుపులో ఉండాలని మన డాక్టర్లు పట్టుబట్టేది ఊరికే కాదు.

ఇంత ఇచ్చినవాళ్లకు వైద్యం మాత్రం ఆలస్యంగా అందింది. మూలవాసుల షుగర్ కోసం ప్రత్యేక నిధి 1997లో పెట్టారు, ఏటా 3 కోట్ల డాలర్లతో. 2004లో అది 15 కోట్లకు పెరిగింది. ఊరి క్లినిక్‌లోనే పాదాల పరీక్ష, కళ్ల పరీక్ష, బీపీ మందులు, తమ భాషలో మాట్లాడే ఆరోగ్య కార్యకర్త. ఇలాంటి పనుల వల్ల 1996 నుంచి 2013 మధ్య అమెరికా మూలవాసుల్లో షుగర్ వల్ల కిడ్నీలు పాడవడం 54 శాతం తగ్గింది. అయినా అది శాశ్వత నిధి కాదు. గడువు ముగిసినప్పుడల్లా కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, మళ్లీ ఓటేయాలి. వేలమందికి డయాలసిస్ తప్పించిన పథకానికి ఈ టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాదు.

నది నీళ్ల తగవు కూడా చివరికి తేలింది. 2004 చట్టంతో గిలా రిజర్వేషన్‌కు ఏటా 6,53,500 ఎకరపు అడుగుల నీటి హక్కు దక్కింది. మన లెక్కలో సుమారు 28 టీఎంసీలు. అక్కడి కొన్ని పొలాల్లో ఇప్పుడు టెపరీ మళ్లీ పండుతోంది. తెల్లవీ గోధుమరంగువీ, పెసలకంటే కాస్త పెద్ద గింజలు. రాత్రి నానబెట్టి, పొద్దున పొయ్యి మీద పెడితే ఉడకడానికి గంటలు పడుతుంది.