డిఫెండర్ల మీద, కన్నవారో మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను, ఎక్కువగా డిఫెండర్లకే. ఈ పనిలో రోజూ వినే మాటలకు జవాబు చెప్పాలంటే నాకు ఫాబియో కన్నవారోనే గుర్తొస్తాడు. 2006లో ఇటలీకి ప్రపంచకప్ అందించిన క్యాప్టెన్, ఆడింది డిఫెండర్‌గా, ఇప్పుడు కోచ్. అతని మీద కూడా అపోహలు తక్కువేమీ లేవు కాబట్టి అన్నీ కలిపే రాస్తున్నా.

అపోహ: సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్) పొడుగ్గా ఉండాల్సిందే.

వాస్తవం: కన్నవారో ఎత్తు దాదాపు 5 అడుగుల 9 అంగుళాలు. "మావాడు పొట్టి సార్, ముందు వరుసలో ఆడించండి" అనే తల్లిదండ్రులకు నేను 2006 సెమీఫైనల్ వీడియో చూపిస్తాను. డార్ట్‌మండ్‌లో జర్మనీతో మ్యాచ్, ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి క్షణాలు, ఇటలీ 1-0తో ముందుంది. బాక్స్‌లోకి వచ్చిన బంతిని అతను గాల్లోకి లేచి తలతో బయటికి కొట్టాడు, అక్కడితో ఊరుకోకుండా ఆ బంతి వెంటే పరిగెత్తి జర్మనీ ఆటగాడు పొడోల్‌స్కీ దగ్గర దాన్ని లాగేసుకున్నాడు, అక్కణ్నుంచి బంతి సహచరులు టోటీ, జిలార్డినో, డెల్ పియెరోలకు, గోల్. ఎత్తు ఉంటే మంచిదే, కాదనను. కానీ హెడర్‌లో సగం పని కాళ్లు నేల మీద ఉన్నప్పుడే అయిపోతుంది. బంతి ఎక్కడ దిగుతుందో ముందే పసిగట్టి పరుగు మీద లేచేవాడు, ఉన్నచోటే ఎగిరే పొడుగాటివాణ్ని ఓడించడం మా గ్రౌండ్‌లో మామూలే.

అపోహ: గట్టిగా ట్యాకిల్ చేసేవాడే మంచి డిఫెండర్.

వాస్తవం: ఇది అన్నిటికంటే మొండి జబ్బు. స్లైడ్ వేసి బంతినీ మనిషినీ కలిపి పడగొడితే బయట నిలబడ్డవాళ్లు చప్పట్లు కొడతారు, పిల్లాడు అదే గొప్ప అనుకుంటాడు. ఆ ప్రపంచకప్‌లో కన్నవారో 7 మ్యాచ్‌లూ ఆడాడు, మొత్తం 690 నిమిషాలు, ఒక్క ఎల్లో కార్డు కూడా లేదు. స్ట్రైకర్ కాలికి చేరకముందే మధ్యలో దూరి బంతి తీసుకోవడం అతని పద్ధతి. కింద పడ్డ డిఫెండర్ లేచేలోపు స్ట్రైకర్ గోల్ ముందుంటాడు.

అపోహ: 2006లో అతనొక్కడే గోడలా నిలబడ్డాడు.

వాస్తవం: ఆ టోర్నీలో ఇటలీ ప్రత్యర్థులకు ఇచ్చినవి రెండే గోల్స్, ఒకటి సొంత ఆటగాడు జక్కార్డో సెల్ఫ్ గోల్, ఇంకోటి ఫైనల్లో జిదాన్ పెనాల్టీ. నిజమే, కానీ వెనక గోల్‌కీపర్ బుఫాన్, ముందు మిడ్‌ఫీల్డర్ గట్టుసో ఉన్నారు కదా! నా లెక్కలో అసలు గొప్పతనం వేరేచోట ఉంది. అతని పక్కన ఆడే డిఫెండర్ నెస్టా గ్రూప్ దశలోనే గాయంతో తప్పుకుంటే మాటెరాజీ వచ్చాడు, అతనికి ఆస్ట్రేలియా మీద రెడ్ కార్డు పడితే తర్వాతి మ్యాచ్‌లో బర్జాలీ ఆడాడు. పక్కన మనిషి మారినా లైన్ చెదరలేదు. డిఫెండర్ నోరు తెరిచి పక్కవాళ్లకు అరిచి చెప్పాలి అని నేను ఎందుకు వేధిస్తానో మా పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది.

అపోహ: డిఫెండర్లకు పెద్ద అవార్డులు రావు.

వాస్తవం: ముప్పావు నిజం. ఏటా ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డీ'ఓర్ 2006లో కన్నవారోది, అతని తర్వాత ఇంకే డిఫెండర్‌కూ రాలేదు.

అపోహ: గొప్పగా ఆడినవాడు కోచ్‌గానూ గొప్పే. లేదా, కన్నవారో కోచ్‌గా ఫెయిల్.

వాస్తవం: రెండూ తప్పే. చైనాలో గువాంగ్జౌ జట్టు 2015లో మధ్యలోనే పంపేసింది, సౌదీలో అల్ నస్ర్ దగ్గర కొన్ని నెలలే. తర్వాత తియాంజిన్ జట్టును 2016లో రెండో డివిజన్ విజేతగా నిలిపి, మరుసటి ఏడాదే పై లీగ్‌లో మూడో స్థానానికి తెచ్చాడు. తనను పంపేసిన గువాంగ్జౌకే తిరిగొచ్చి 2019 లీగ్ గెలిపించాడు. అదే ఏడాది చైనా జాతీయ జట్టుతో రెండు మ్యాచ్‌లు, రెండూ ఓటమి, తప్పుకున్నాడు. ఇటలీలో బెనెవెంటో ఒక సీజన్ కూడా ఉంచుకోలేదు. 2024లో ఉదినేసేను చివరి రోజు గెలుపుతో కిందికి పడిపోకుండా కాపాడాడు, అయినా కొనసాగించలేదు! క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ దగ్గరా కొద్ది నెలలే. టైమ్ ఇచ్చిన చోట పని కనిపించింది, మిగతా చోట్ల తేల్చి చెప్పడానికి సరిపడా మ్యాచ్‌లే లేవు.

(ఆటగాడిగా మన దేశానికీ రావాల్సినవాడే. 2012లో బెంగాల్‌లో పెట్టాలనుకున్న లీగ్ వేలంలో సిలిగురి జట్టు కొనుక్కుంది. ఆ లీగ్ మొదలే కాలేదు.)

అపోహ: ఉజ్బెకిస్తాన్‌ను తొలిసారి ప్రపంచకప్‌కు చేర్చింది కన్నవారోనే.

వాస్తవం: కాదు. 2025 జూన్‌లో ఆ బెర్త్ సాధించినప్పుడు కోచ్ తైమూర్ కపాడ్జే. కన్నవారో వచ్చింది అక్టోబరులో.