బాదం వాసన ఒక్కటే చాలదు: ప్రూనస్ ఆఫ్రికానాను గుర్తుపట్టడంలో అపోహలు - వాస్తవాలు

కెన్యా కొండ అడవుల్లో చెట్లను గుర్తించి లెక్క రాయడం నా పని. నన్ను ఎక్కువమంది అడిగేది ప్రూనస్ ఆఫ్రికానా గురించే. కికుయు భాషలో ముయిరి అంటారు. దీని బెరడును మగవాళ్ల ప్రోస్టేట్ గ్రంథి వాపు మందుల్లో వాడతారు. ఆ గిరాకీకి చెట్లను చచ్చేదాకా ఒలిచేశారు. అందుకే 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ (ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణలో ఉంది. ఇలాంటి చెట్టు పేరు తప్పు రాస్తే మనసు ఊరుకోదు.

అపోహ: ఆకు నలిపితే బాదం వాసన వచ్చిందా, ఇక అదే చెట్టు.

వాస్తవం: వాసన మంచి గుర్తే. పచ్చి ఆకును వేళ్ల మధ్య గట్టిగా నలిపితే చేదు బాదం పప్పు వాసన గుప్పుమంటుంది. ఇది అసలు బాదం జాతిదే మరి. (మన వీధుల్లో గొడుగులా పెరిగే బాదం చెట్టుకు దీనితో ఏ చుట్టరికమూ లేదు.) అయితే నలిపితే ఇలాగే సయనైడ్ అనే విషాన్ని విడుదల చేసే ఆకులు వేరే కుటుంబాల్లోనూ ఉన్నాయి. కాబట్టి నోట్లో మాత్రం పెట్టుకోకండి. వాసన చూశాక ఆకును వెలుగుకు పట్టి చూడండి. పైన నిగనిగలాడే ముదురాకుపచ్చ, అంచున మొద్దుబారిన రంపపు పళ్లు, తొడిమ గులాబీ రంగు. కొమ్మ మీద ఆకులు అటొకటి ఇటొకటి ఉండాలి.

అపోహ: చెట్టు కింద రాలిన ఆకు చాలు.

మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను. మాను కింద దొరికిన ఆకు చూసి పేరు రాసేశాను. మా సీనియర్ బైనాక్యులర్స్ చేతికిచ్చి పైకి చూడమన్నారు. కొమ్మల మీద ఆకులు ఎదురెదురుగా, జంటలుగా ఉన్నాయి! నా చేతిలో ఉన్నది పక్క చెట్టు ఆకు. ఆ రోజు రాసినవన్నీ మళ్లీ తిరిగి చూసుకోవాల్సి వచ్చింది.

అపోహ: స్టింక్‌వుడ్ (కంపు చెక్క అని అర్థం) అంటే ఒకటే చెట్టు.

వాస్తవం: దక్షిణాఫ్రికాలో ఈ పేరుతో మూడున్నాయి, మూడూ వేర్వేరు కుటుంబాలవి. రెడ్ స్టింక్‌వుడ్ అంటే మన ప్రూనస్. ఉత్త స్టింక్‌వుడ్ అంటే ఒకోటియా బుల్లాటా. దాని ఆకు అడుగుభాగంలో, ఈనెలు చీలే మూలల్లో బొబ్బల్లాంటి ఉబ్బులు ఉంటాయి. వైట్ స్టింక్‌వుడ్ అంటే సెల్టిస్ ఆఫ్రికానా. ఆకు మొదట్లోనే మూడు ఈనెలు విడిపోతాయి, మాను నున్నగా బూడిద రంగులో ఉంటుంది. స్థానిక పేరు తప్పకుండా అడగండి, కానీ శాస్త్రీయ నామం పక్కనే రాయండి.

అపోహ: మందుల డబ్బా మీద ఉండే పైజియం వేరే మొక్క.

వాస్తవం: ఇదే. పాత పేరు పైజియం ఆఫ్రికానం. 1965లో కాల్క్‌మన్ అనే వృక్షశాస్త్రవేత్త ప్రూనస్‌లోకి మార్చారు.

అపోహ: పువ్వో కాయో లేనిదే చెప్పలేం.

వాస్తవం: ఈ చెట్టుకు ఆకు, వాసన, బెరడు మూడూ కలిస్తే చాలావరకు తేలిపోతుంది. ముదురు మాను బెరడు నల్లగా, దీర్ఘచతురస్రపు పెచ్చులుగా పగిలి ఉంటుంది. ఒకసారి ఒలిచిన చోట మళ్లీ వచ్చే బెరడుకు ఆ తీరు ఉండదు. అలాంటి చెట్టు ఎదురైతే మాను చుట్టూ ఒకసారి తిరగండి, కత్తి పడని వైపు చూడండి.