అఫిలియేట్ మార్కెటింగ్: అపోహలు - వాస్తవాలు (ముందు ఆ జాయినింగ్ ప్యాకేజీ సంగతి)

నేను వంటింటి సామాన్ల మీద, అంటే మిక్సీలు, గ్రైండర్లు, కుక్కర్లు, ఇండక్షన్ స్టవ్‌ల మీద తెలుగులో రివ్యూలు రాస్తాను, వీడియోలు చేస్తాను, కింద ఇచ్చే లింకుల మీద వచ్చే కమిషనే నా సంపాదన, దీన్నే అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. ఇది చూసి కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్ళు చాలామంది మెసేజ్ చేస్తుంటారు. అందులో ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఒకటే, "అన్నా, అఫిలియేట్‌లో జాయిన్ అవ్వాలంటే ఏ ప్యాకేజీ తీసుకోవాలి, సిల్వర్ చాలా, గోల్డ్ తీసుకోవాలా?" అడిగేది ఎవరంటే డిగ్రీ చదివే పిల్లలు, ఇంట్లో ఉంటూ నాలుగు రూపాయలు సంపాదిద్దామనుకునే ఆడవాళ్ళు, ఉద్యోగం పోయి ఏం చెయ్యాలో తోచనివాళ్ళు. పోగొట్టుకునే స్తోమత లేనివాళ్ళే ఈ మాట నమ్ముతున్నారు, అందుకే ముందు దీని గురించే గట్టిగా చెప్తున్నా.

అపోహ: చేరాలంటే డబ్బు కట్టాలి

కట్టక్కర్లేదు. అమెజాన్ వాళ్ళ అఫిలియేట్ ప్రోగ్రాం, అమెజాన్ అసోసియేట్స్, 1996 నుంచి ఉంది, చేరడానికి ఫీజు లేదు. వెబ్ హోస్టింగ్ కంపెనీలు, మామూలు షాపింగ్ సైట్లు నడిపే ప్రోగ్రాములు కూడా అంతే. బట్టల షాపుకి కస్టమర్‌ని తీసుకొచ్చినవాడికి షాపాయన కమిషన్ ఇస్తాడు గానీ, ముందు నువ్వు నాకు ఐదు వేలు కట్టు అప్పుడు నీకు కమిషన్ ఇస్తా అనడు కదా. కంపెనీకి కావాల్సింది మీరు పంపే కస్టమర్, మీ డబ్బు కాదు.

మరి ఈ సిల్వర్లు గోల్డ్‌లు ఏంటంటే, కొన్ని వేలు కట్టి ఒక కోర్సుల బండిల్ కొనాలి, కొన్నాక మీకో లింక్ ఇస్తారు, ఆ లింక్ మీద ఇంకొకళ్ళు అదే బండిల్ కొంటే అందులో 70 శాతమో 80 శాతమో మీకు. కోర్సులో ఏముందో కొన్నవాళ్ళని అడగండి, సగంమంది తెరిచి చూసి కూడా ఉండరు, ఎందుకంటే వాళ్ళు కొన్నది కోర్సు కాదు, ఆ లింక్. నేను ఎవరడిగినా ఒకటే పరీక్ష చెప్తా: కమిషన్ అనే మాట తీసేస్తే ఈ కోర్సుని ఈ రేటుకి ఎవరన్నా కొంటారా? కొంటారంటే సరే, అది మామూలు వ్యాపారం. కొనరు అంటే మీరు అమ్ముతున్నది చేరిక, వచ్చే కమిషన్ మీ తర్వాత చేరినవాడి జేబులోది.

లెక్క కూడా చూడండి. 5,000 కట్టారు, మనిషికి 3,500 వస్తుందనుకుందాం. పెట్టింది వెనక్కి రావాలంటేనే ఇద్దర్ని చేర్పించాలి. ఆ ఇద్దరికి వాళ్ళ డబ్బు రావాలంటే నలుగురు, ఆ నలుగురికి ఎనిమిది మంది. ఇలా పదో మెట్టుకి వెయ్యి దాటుతుంది, ఇరవయ్యో మెట్టుకి 10 లక్షలు దాటుతుంది. కాలేజీలో, ఊళ్ళో, చుట్టాల్లో అంతమంది ఎక్కడ దొరుకుతారండి? కింద మెట్టు మీద ఉన్నవాళ్ళు మునగాల్సిందే, వాళ్ళే ఎప్పుడూ ఎక్కువమంది.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. 1978లోనే మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం వచ్చింది, మనుషుల్ని చేర్పిస్తే తేలిగ్గా డబ్బొస్తుందని చెప్పే స్కీముల కోసమే అది. నడిపేవాడే కాదు, అందులో సభ్యుడిగా చేరడం, పాల్గొనడం కూడా ఆ చట్టం కింద నిషేధమే. 2021 డిసెంబర్‌లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (షాపు లేకుండా మనుషుల ద్వారా అమ్మే వ్యాపారం) రూల్స్ పిరమిడ్ స్కీములని, అంటే ఇలా మనిషి కింద మనిషిని చేర్పించే వాటిని, నేరుగా నిషేధించాయి. పైన ఏదో వస్తువు ఉన్నంత మాత్రాన చట్టానికి దొరక్కుండా పోదు. 2019లో సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేసిన ఒక పెద్ద ఎంఎల్‌ఎం (మల్టీ లెవెల్ మార్కెటింగ్, గొలుసు వ్యాపారం) కేసులో అమ్మింది కూడా కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీలే.

మా వైపు కుర్రాడొకడు ఇలాంటి ప్యాకేజీకే డబ్బు కట్టాడు, బీటెక్ చదువుతున్నాడు, వాళ్ళమ్మ బ్లౌజులు కుట్టి ఇల్లు నడుపుతుంది. ఫోన్ తీసుకుని మా ఇంటికొచ్చాడు, తన మెంటార్ చాట్ చూపించాడు. అందులో ఒక మెసేజ్ నాకింకా గుర్తుంది, "ఇంట్లో ఇప్పుడే చెప్పకు బ్రో, ఫస్ట్ లక్ష వచ్చాక సర్‌ప్రైజ్ ఇవ్వు." దాని కిందే ఒక డాష్‌బోర్డ్ (సంపాదన చూపించే పేజీ) స్క్రీన్ రికార్డింగ్, నెలకి నాలుగు లక్షలు. స్క్రీన్‌షాట్ అయితే ఫేక్ అనుకోవచ్చు, ఇది వీడియో కదా అన్నా అన్నాడు. నా లాప్‌టాప్‌లో నా డాష్‌బోర్డ్ తెరిచి, ఆ అంకె మీద రైట్ క్లిక్ కొట్టి, ఇన్‌స్పెక్ట్ నొక్కి, అక్కడ కనపడే నంబర్ పక్కన మూడు సున్నాలు పెట్టి ఎంటర్ కొట్టా. పేజీ మీద లక్షలు వచ్చేశాయి. దాన్ని రికార్డ్ చేసుకోవచ్చు, పైకీ కిందకీ స్క్రోల్ చేసి చూపించొచ్చు, రిఫ్రెష్ కొట్టేదాకా అలాగే ఉంటుంది. కాసేపు ఏం మాట్లాడలేదు వాడు. తర్వాత మెల్లగా, నేను మా రూమ్మేట్స్‌ని కూడా చేర్పించానన్నా అన్నాడు. పోయిన డబ్బు కన్నా వాడికి అదే ఎక్కువ బాధగా ఉంది.

కోర్సులు అమ్మేవాళ్ళందరూ మోసగాళ్ళని నేననట్లేదు. వీడియో ఎడిటింగ్ డబ్బు కట్టి నేర్చుకోండి, తప్పేం లేదు. కానీ అఫిలియేట్ మొదలుపెట్టడానికి కావాల్సింది ఆయా ప్రోగ్రాముల హెల్ప్ పేజీల్లోనే ఫ్రీగా ఉంది, ఓపిగ్గా చదవాలి అంతే. టెలిగ్రామ్‌లో లైకులు కొడితే డబ్బులు, రేటింగ్ ఇస్తే డబ్బులు అనే టాస్కులకి అఫిలియేట్‌కి అసలు సంబంధమే లేదు, అవి పూర్తిగా మోసం, వాటి జోలికే వెళ్ళొద్దు.

అపోహ: లింక్ పది గ్రూపుల్లో పడేస్తే చాలు

దీని వల్ల డబ్బు పోదు గానీ నెలలు పోతాయి. ఎవరన్నా మీ అమెజాన్ లింక్ నొక్కితే ఆ క్లిక్కుకి 24 గంటలే విలువ, ఆలోపు కార్ట్‌లో వేసుకుంటే 90 రోజుల దాకా లెక్కలోకి వస్తుంది. అంటే కొనాలనే ఆలోచన లేని వెయ్యిమంది నొక్కినా వచ్చేదేం ఉండదు. పైగా కొత్త అకౌంట్‌కి 180 రోజుల్లో కనీసం 3 సేల్స్ రావాలి, లేకపోతే మూసేస్తారు. సర్లే నేనే మూడు కొనేస్తా, మా బావగారి చేత కొనిపిస్తా అంటారు కొందరు, సొంత కొనుగోళ్ళు, ఇంట్లోవాళ్ళవి, ఫ్రెండ్స్‌వి లెక్కలోకి రావు, దానికే అకౌంట్ పోయినవాళ్ళు నాకు తెలుసు.

పని చేసేది ఏంటంటే, కొనడానికి సిద్ధంగా ఉండి ఒక్క సందేహం దగ్గర ఆగిపోయిన మనిషికి ఆ సందేహం తీర్చడం. నేను టేబుల్ టాప్ వెట్ గ్రైండర్ గురించి చేసిన వీడియోలో వాట్స్, ఆర్‌పీఎం లాంటివి ఎక్కువ చెప్పలేదు. అర కిలో మినప్పప్పు నానబోసి, కెమెరా ముందే రుబ్బి, పిండి తీసేటప్పుడు గిన్నె ఎంత బరువుందో చూపించా, నడుం నొప్పి ఉన్నవాళ్ళు టిల్టింగ్ (వంచి పిండి తీసే వీలు) ఉన్నదే తీసుకోండి, కొంచెం రేటెక్కువైనా పర్లేదు అన్నా. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు సరిపోతుంది, చుట్టాలొచ్చినప్పుడు రెండు వాయిలు వెయ్యాలి అని చెప్పా. పొద్దున్నే పిల్లలు నిద్రలేచేంత మోత వస్తుందా అని కామెంట్లలో అడిగితే పక్క గదిలో ఫోన్ పెట్టి ఆ సౌండ్ రికార్డ్ చేసి వినిపించా. ఆ వీడియో ఇప్పటికీ అమ్ముతూనే ఉంది.

కాబట్టి ప్లాన్ అంటే పెద్ద ఎక్సెల్ షీట్ ఏం అక్కర్లేదు. మీ చేతిలో రోజూ ఉండే వస్తువులేంటి, వాటి గురించి మిమ్మల్ని ఎవరు ఏం అడుగుతుంటారు, ఆ ప్రశ్నలు ఒక ఇరవై రాసుకోండి, ఒక్కోదానికి ఒక్కో వీడియోనో పోస్టో. వాడని వస్తువు గురించి చెప్పొద్దు, కొనలేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకుని వాడి చూడండి.

అపోహ: రేటు ఎక్కువున్న వస్తువైతే కమిషన్ ఎక్కువ

ఫోన్ల మీద శాతం చాలా తక్కువ. వంటింటి సామాను, బట్టలు, బ్యూటీ వీటి మీద ఎక్కువ, చార్ట్ ప్రోగ్రాం పేజీలోనే ఉంటుంది, అప్పుడప్పుడు మారుతుంది కాబట్టి చూసుకుంటూ ఉండాలి. ఉదాహరణకి 4,000 గ్రైండర్ మీద 5 శాతం అనుకుంటే 200. వందమంది నొక్కితే ఇద్దరు కొన్నారనుకోండి 400, ఒకళ్ళు రిటర్న్ చేస్తే 200 వెనక్కి. ఆ మిగిలింది కూడా అమెజాన్‌లో అయితే నెల ముగిశాక ఇంకో రెండు నెలలకి గానీ అకౌంట్‌లో పడదు. ఈ లెక్క చూశాక కూడా చెయ్యాలనిపిస్తే చెయ్యండి, మెల్లగా పెరుగుతుంది, నిజంగానే పెరుగుతుంది. ఉద్యోగం మానేసి మాత్రం మొదలుపెట్టొద్దు.

వెబ్‌సైట్ తప్పనిసరా, ఇంగ్లీష్ రావాలా అంటే రెండూ అక్కర్లేదు. యూట్యూబ్ ఛానల్‌తో కూడా అప్లై చెయ్యొచ్చు.

అపోహ: అఫిలియేట్ లింక్ అని చెప్తే జనం కొనరు

చెప్పాల్సిందే, ఇందులో వేరే దారి లేదు. 2021లో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ (ప్రకటనల రంగం తనకి తాను పెట్టుకున్న నియంత్రణ సంస్థ), 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చాయి, డబ్బో ఫ్రీ వస్తువో కమిషనో ఏది వచ్చినా చూసేవాళ్ళకి స్పష్టంగా తెలియాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా ఫైన్, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. నేను వీడియో మొదట్లోనే చెప్తా, కింద లింక్ నుంచి కొంటే నాకు కొంత వస్తుంది, మీకు రేటు మారదు అని. దానివల్ల పారిపోయినవాళ్ళని నేను చూళ్ళేదు, మీ లింక్ నుంచే తీసుకున్నాం అన్నా అని చెప్పినవాళ్ళే ఎక్కువ.

టాక్స్ సంగతి రెండు ముక్కల్లో: ఇది ఆదాయమే, ఐటీ రిటర్న్‌లో చూపించాలి. కమిషన్ మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) 2024 అక్టోబర్ నుంచి 5 నుంచి 2 శాతానికి తగ్గింది, పాన్ ఇవ్వకపోతే 20 శాతం పట్టుకుంటారు. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం పడదు, మొదటిరోజే జీఎస్టీ తీయించాలి అని డబ్బు గుంజేవాళ్ళ మాట వినకండి.

ఇప్పటికే ప్యాకేజీ కట్టేసినవాళ్ళు

మీరు తెలివితక్కువవాళ్ళేం కాదు, బాగా చదువుకున్నవాళ్ళు కూడా కట్టారు. యూపీఐ రసీదులు, చాట్‌లు, వాళ్ళు ఇంత వస్తుందని మాటిచ్చిన వాయిస్ మెసేజులు ఇవాళే సేవ్ చేసుకోండి, గ్రూపులోంచి తీసేస్తే తర్వాత దొరకవు. రిఫండ్ రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో కాదు. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, మోసం అనిపిస్తే సైబర్ క్రైమ్ 1930, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. పోయింది రాబట్టుకోడానికి గోల్డ్‌కి అప్‌గ్రేడ్ అవ్వమంటారు, అవ్వొద్దు. ఇంట్లో చెప్పండి, నాలుగు తిట్లు పడతాయి, పడనివ్వండి. మీరు ఎవర్నన్నా చేర్పించి ఉంటే వాళ్ళకి మీరే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి, వాళ్ళు ఇంకొకళ్ళని చేర్పించకముందే.