అగ్రరాజ్యాలు అద్దెకు దిగిన ఒడ్డు: జిబూతి

సూయజ్ కాలువ మీదుగా ఆసియా, యూరప్‌ల మధ్య తిరిగే ఓడలన్నీ బాబ్ ఎల్ మండెబ్ జలసంధి దాటాల్సిందే. ఇరుకైన చోట దాని వెడల్పు దాదాపు 30 కిలోమీటర్లే. ఆఫ్రికా వైపు ఒడ్డున ఉన్న దేశం జిబూతి. జనాభా సుమారు పది లక్షలు. పంట పండే నేల దాదాపు లేదు, మంచినీళ్లకూ కటకటే.

ఈ ఒడ్డు మీద ఫ్రాన్స్ 1862లోనే కాలు మోపింది. ఎదురుగా, ఇప్పటి యెమెన్‌లోని ఏడెన్‌లో అప్పటికే బ్రిటిష్ వాళ్లు పాతుకుపోయారు. సూయజ్ తవ్వకం సాగుతోంది. దాంతో స్థానిక పాలకులతో ఒప్పందం చేసుకుని ఒబోక్ రేవును దక్కించుకుంది.

1977 జూన్ 27న స్వాతంత్ర్యం వచ్చినా ఫ్రెంచ్ సైన్యం మాత్రం వెళ్లలేదు. దీన్ని వలస పెత్తనానికి కొనసాగింపుగా మాత్రమే చూస్తే అసలు సంగతి పట్టుబడదని నా అభిప్రాయం. సోమాలియా జెండాలోని నక్షత్రానికి ఐదు కోణాలుంటే, అందులో ఒకటి జిబూతిదే. అంటే, అది మా నేలేనని పొరుగు దేశం జెండా మీదే చెప్పుకుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది వారాలకే సోమాలియా, ఇథియోపియాల మధ్య ఒగాడెన్ యుద్ధం మొదలైంది. రెండింటి మధ్య నలిగిపోతామన్న భయంతో ఉన్న చిన్న దేశానికి పరాయి సైన్యమే రక్షణ అయింది. అద్దె లెక్కలు పెద్దవైంది ఆ తర్వాత.

2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, ఒకప్పుడు ఫ్రెంచ్ సైన్యం వాడిన క్యాంప్ లెమోనియేలోకి అమెరికా దిగింది. 2014 ఒప్పందం ప్రకారం ఏడాదికి దాదాపు 6.3 కోట్ల డాలర్లు కడుతోంది. సోమాలీ సముద్రపు దొంగల బెడదతో 2011లో జపాన్ వచ్చింది. 2017లో చైనా, విదేశీ గడ్డ మీద తన మొట్టమొదటి సైనిక స్థావరాన్ని ఇక్కడే తెరిచింది. అమెరికా స్థావరానికి అది కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మరుసటి ఏడాదే తమ పైలట్ల కళ్లలోకి లేజర్లు కొడుతున్నారని అమెరికా ఫిర్యాదు చేసింది. చైనా కాదంది.

స్థావరాల సంగతి ఎలా ఉన్నా జిబూతికి అసలు ఆధారం ఇథియోపియా సరుకే. 1993లో ఎరిత్రియా విడిపోవడంతో ఇథియోపియాకు సముద్రతీరం పోయింది. 1998 యుద్ధంతో ఎరిత్రియా రేవుల దారి కూడా మూసుకుపోయింది. అప్పటి నుంచి దాని విదేశీ వాణిజ్యంలో అత్యధిక భాగం జిబూతి మీదుగానే సాగుతోంది. ఆ సరుకు కోసమే చైనా అప్పుతో కొత్త రైలు మార్గం వేశారు. ఆ అప్పు తీర్చడం రెండు దేశాలకూ భారంగానే ఉంది.

అందుకే, 2024 జనవరిలో, సోమాలియా నుంచి విడిపోయినట్టు ప్రకటించుకున్న సోమాలీలాండ్‌తో సముద్ర తీరం కోసం ఇథియోపియా అవగాహన ఒప్పందం కుదుర్చుకోగానే జిబూతిలో టెన్షన్ మొదలైంది. అదే ఏడాది జిబూతి తన తజూరా రేవు నిర్వహణను ఇథియోపియాకు అప్పగించడానికి తనంతట తానే ముందుకొచ్చింది.