సెకండ్ హ్యాండ్ టీటీ బైక్: అపోహలు, వాస్తవాలు

ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అంటూ పదేళ్లు సైకిల్‌ను పక్కన పెట్టి, మళ్లీ రేసుల్లోకి దిగుదామనుకునేవాళ్లు ఈమధ్య మా వర్క్‌షాప్‌కి బాగా వస్తున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023లో వచ్చాక ఇంకా పెరిగారు. కొందరికి గోవా ఐరన్‌మ్యాన్ 70.3 (ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయాథ్లాన్) మీద కన్ను, కొందరికి టైమ్ ట్రయల్స్ (ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే రేసులు) మీద. ఇలాంటి రేసుల కోసం చేసిన కొత్త టీటీ (టైమ్ ట్రయల్) బైక్ ధర వినగానే గుండె గుభేలుమంటుంది కాబట్టి సెకండ్ హ్యాండ్ వెతుకుతారు. మంచి ఆలోచనే. కానీ వెతికేటప్పుడు నమ్మే మాటల్లో చాలావరకు తప్పులే.

అపోహ: "అప్పట్లో నాది 56 సైజు, ఇప్పుడూ అదే."

వాస్తవం: ఒక కంపెనీ 56 సైజు ఫ్రేమ్ ఇంకో కంపెనీ 54తో సమానం కావచ్చు. చూడాల్సినవి స్టాక్, రీచ్. అంటే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ఫ్రేమ్ గొట్టం) పైఅంచు ఎంత ఎత్తులో ఉంది, ఎంత ముందుకు ఉంది అని. అంతకంటే ముందు తేలాల్సింది, ఇప్పుడు మీ నడుము ఎంత వంగుతుందనేది. పాతికేళ్ల వయసులో కుదిరిన పొజిషన్‌లో ఇప్పుడు కూర్చుంటే పెడల్ పైకొచ్చినప్పుడల్లా మోకాలు పొట్టకు తగులుతుంది (నవ్వకండి, చాలామందికి తగులుతుంది). ఊపిరి అందదు, పవర్ పడిపోతుంది.

అందుకే ముందు మీ రోడ్ బైక్‌కే క్లిప్-ఆన్ ఏరోబార్లు (మోచేతులు ఆనించి, ముందుకు వంగి పట్టుకునే కడ్డీలు) బిగించి, సీటు కాస్త ముందుకు జరిపి, ట్రైనర్ (సైకిల్‌ను ఇంట్లోనే నిలిపి తొక్కే స్టాండ్) మీద ఓ 20 నిమిషాలు గట్టిగా తొక్కండి. మోచేతుల ప్యాడ్‌లు ఎక్కడుంటే నిలకడగా తొక్కగలుగుతున్నారో అక్కడ టేపుతో కొలిచి రాసుకోండి. ప్రకటనలు చూడటం ఆ తర్వాతే. ఫ్రేమ్ కొంచెం కిందకున్నా ప్యాడ్‌ల కింద స్పేసర్లు వేసి లేపుకోవచ్చు. మరీ ఎత్తైన ఫ్రేమ్ కొంటే దించే దారి లేదు.

నిజం చెప్పాలంటే, మొదటి సీజన్ ఆ క్లిప్-ఆన్‌లతోనే గడిపేయమని చాలామందికి చెబుతాను. ఎవరూ వినరు.

అపోహ: "ఫ్రేమ్ ఎంత ఖరీదైతే అంత స్పీడ్."

వాస్తవం: గాలిని అడ్డుకునేదాంట్లో పెద్ద వాటా మీ ఒంటిదే, సైకిల్‌ది కాదు. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు, పారిస్‌కి 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. లోరాన్ ఫినియోన్‌కి ముందూ వెనకా డిస్క్ చక్రాలు (చువ్వల బదులు పళ్లెంలా మూసేసినవి). 50 సెకన్లు వెనకబడి ఉన్న గ్రెగ్ లెమాండ్‌కి వెనక మాత్రమే డిస్క్, కానీ చేతుల కింద ఏరోబార్లు, నెత్తిన ఏరో హెల్మెట్. లెమాండ్ 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు.

అపోహ: "ఇండోర్ ట్రైనర్ మీదే వాడాను, రోడ్డెక్కనే లేదు. కొత్తదే అనుకోండి."

వాస్తవం: అమ్మేవాళ్ల నోట ఈ మాట రాగానే నా కళ్లు హ్యాండిల్‌బార్ టేప్ మీదకి వెళ్తాయి. ఫ్యాన్ చాలని గదిలో గంట తొక్కితే చెమట ధారకట్టి నేరుగా బార్ల మీద, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) మీద పడుతుంది. రోడ్డు మీదైతే చాలావరకు గాలికి ఆరిపోయేది. ఇక్కడ టేప్ కిందకి ఇంకి అక్కడే ఉండిపోతుంది. బేస్ బార్ (ఏరోబార్లు బిగించే అడ్డ హ్యాండిల్) అల్యూమినియందైతే టేప్ చివర రెండంగుళాలు విప్పి చూపించమనండి. తెల్లటి పొడి కనిపిస్తే గోటితో గీరండి. కింద సూదితో పొడిచినట్టు గుంటలుంటే ఆ బార్ పనైపోయినట్టే. అది ఏ మలుపులోనో లేచి గట్టిగా లాగినప్పుడు, చెప్పాపెట్టకుండా విరుగుతుంది.

తర్వాత ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. గరగరమంటే బేరింగులు పోయాయి. బేరింగుల ఖర్చు పెద్దదేం కాదు. కానీ కేబుళ్లన్నీ ఫ్రేమ్ లోపలి నుంచి వెళ్లే బైకుల్లో వాటిని మార్చాలంటే ముందు భాగమంతా విప్పాలి, మజూరీ దగ్గరే దెబ్బ. ప్యాడ్ బోల్టులు చెమటకు బిగుసుకుపోయాయేమో, ఒక్కోటి ఆలెన్ కీ పెట్టి కాస్త కదిపి చూడండి. సీట్‌పోస్ట్ బయటికి తీయమనండి. రావట్లేదంటే, ధర ఎంత తగ్గించినా నేనైతే బేరం ఆపేస్తాను. వస్తే, క్లాంప్ పట్టిన చోట టార్చి ఏటవాలుగా పట్టి పగుళ్లున్నాయేమో చూడండి.

అపోహ: "కార్బన్‌ను నాణెంతో తట్టి చూస్తే తెలిసిపోతుంది."

వాస్తవం: పెద్ద దెబ్బైతే మొద్దు శబ్దం వస్తుంది. చిన్న పగులు తట్టినా దొరక్కపోవచ్చు. పడిన ఆనవాళ్లున్న ఫ్రేమ్ జోలికి పోకండి.

అపోహ: "ఎలక్ట్రానిక్ గేర్లున్నాయి, ఇంకేం చూడాలి?"

వాస్తవం: టీటీ బైక్‌కి అవి నిజంగానే ఉపయోగం. ఏరోబార్ల చివర నుంచీ, బ్రేకుల దగ్గర నుంచీ కూడా గేర్ మార్చుకోవచ్చు. కానీ వెనక డెరైలర్ (చైన్‌ను ఒక గేర్ నుంచి ఇంకోదానికి జరిపే భాగం) మీద మోడల్ నంబర్ చదవండి. షిమానో కంపెనీ మొదటి తరం డీఐ2 (దాని ఎలక్ట్రానిక్ గేర్ల పేరు), అంటే 7970 అయితే దాని వైరింగే వేరు, తర్వాత వచ్చిన భాగాలు దానికి కలవవు. ఒక్క షిఫ్టర్ పోతే పాత సామాను కోసం వేట మొదలు.

అపోహ: "ట్రయాథ్లాన్ బైకూ టీటీ బైకూ ఒకటే."

వాస్తవం: ఐరన్‌మ్యాన్‌కి మాత్రమే అయితే పట్టించుకోనక్కర్లేదు. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం జరిగే టైమ్ ట్రయల్‌కి మాత్రం సీట్ ట్యూబ్ (సీటు కింది గొట్టం) లేని సర్వెలో పీ5ఎక్స్, డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ దగ్గర నుంచి పెడళ్ల దాకా దిగే గొట్టం) లేని వెంటమ్ లాంటి ట్రయాథ్లాన్ బైకులు పనికిరావు. పదేళ్ల తర్వాత రేసుకెళ్లి స్టార్ట్ దగ్గర వెనక్కి పంపిస్తే ఆ బాధ చెప్పలేం.

అపోహ: "చిన్న చిన్న పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి."

వాస్తవం: రోడ్ బైక్‌కి దొరుకుతాయి. టీటీ బైక్‌లో సీట్‌పోస్ట్ క్లాంప్, ప్యాడ్ స్పేసర్లు, పొడవాటి బోల్టులు, ఫోర్క్‌లో దాచిన బ్రేక్ చాలావరకు ఆ మోడల్‌కే చేసినవి. కొత్తప్పుడు అదనపు స్పేసర్లు, బోల్టులు చిన్న డబ్బాలో వేసి ఇస్తారు. ఆ డబ్బా ఉందా అని అమ్మేవాళ్లను ఫోన్‌లోనే అడగండి. పారేశానంటే, మీ కొలతకు కావాల్సిన స్పేసర్లు ఎక్కడైనా అమ్ముతున్నారో లేదో చూసుకుని, దొరికాకే అడ్వాన్స్ ఇవ్వండి.