బాప్తిస్మం: నీళ్లలో దిగేముందు తేల్చుకోవలసినవి

అపోహ: నీళ్లలో మునగగానే పాపాలు కడుక్కుపోతాయి.

పాపక్షమాపణ క్రీస్తు సిలువ మరణం వల్ల, ఆయనను నమ్మినందువల్ల దొరుకుతుంది. ఆ నమ్మకాన్ని సంఘం ఎదుట ఒప్పుకోవడమే బాప్తిస్మం. సిలువ మీది దొంగకు నీళ్ల దగ్గరికి వెళ్లే వీలే లేదు, అయినా పరదైసు వాగ్దానం అందింది (లూకా 23:43). ఇది ఒంటి మురికి వదిలించుకోవడం కాదని పేతురు తేటగా రాశాడు (1 పేతురు 3:21). మరి నీళ్లెందుకు? రోమా 6:3-4 చదవండి. మునగడం క్రీస్తుతో పాతిపెట్టబడటం, పైకి లేవడం ఆయనతో కొత్త బతుకులోకి లేవడం. గ్రీకు మాట ‘బాప్టిజో’కు అర్థమే ముంచడం. అందుకే బాప్తిస్మానికి సిద్ధపరిచే తరగతిలో మేం ముందుగా చెప్పేది ఇదే: మీరు దిగుతున్న తొట్టి ఒక సమాధికి గుర్తు.

అపోహ: యొర్దాను నీళ్లయితే ఎక్కువ ఫలం. లేదా పారే నీళ్లే కావాలి.

బాప్తిస్మమిచ్చే యోహాను ఐనోను అనే చోటును ఎంచుకున్నది అక్కడ నీళ్లు సమృద్ధిగా ఉన్నందుకే (యోహాను 3:23). తొలి సంఘాల నాటి ‘దిదకే’ అనే చిన్న పుస్తకం పారే నీళ్లు మేలంటుంది. అవి లేకపోతే వేరే నీళ్లు, చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లు, అవీ చాలకపోతే తలమీద మూడుసార్లు పోయమంటుంది. సీసాలో తెచ్చిన యొర్దాను నీళ్లు తొట్టిలో కలపడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: తాగుడూ కోపమూ పూర్తిగా పోయాకే తీసుకోవాలి.

ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్లు కనబడగానే దిగాడు (అపొ. 8:36-38). ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే పొందాడు (అపొ. 16:33). అడగవలసింది మారుమనస్సు గురించి, మచ్చలేని బతుకు గురించి కాదు. అలాగని తొందరపెట్టడమూ తప్పే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ విశ్వాసం ఒప్పుకోకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది పొందారు. బోధకులు ఆరుగురే, ఇద్దరు నీళ్లలో ఉంటే, అలిసినప్పుడు మరో ఇద్దరు దిగేవారు. పెంతెకొస్తు పండుగనాడు తొలి సంఘంలో చేరిన మూడు వేలమందికి ఒక్కరోజులో ఎలా ఇవ్వగలరని అడిగేవాళ్లకు మన నేల మీదే జవాబుంది.

అపోహ: ఎలా ముంచినా ఒకటే, నేర్చుకునేదేం లేదు.

ప్రమాదాలకు మూలం ఈ మాటే. ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తొట్టిలో మూడడుగుల ఎత్తు నింపాలంటే దాదాపు 2,400 లీటర్లు కావాలి. ముందురోజే పట్టి ఉంచండి. హీటర్ వాడితే, మనిషి దిగేముందు స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్గు పీకి రాడ్ బయటికి తీయాలి. వైరున్న మైకు తొట్టి దగ్గర ఉండనే కూడదు. 2005లో అమెరికాలోని వేకో నగరంలో నీళ్లలో నిలబడి మైకు పట్టుకున్న పాస్టర్ కరెంటు షాక్‌తో చనిపోయారు.

అభ్యర్థి చేతులు ఛాతీ మీద కట్టుకుని, మోకాళ్లు కొద్దిగా వంచాలి. పాస్టర్ ఒక చెయ్యి వీపు పైభాగాన, రెండోది కట్టుకున్న చేతుల మీద ఉంచుతారు. మోకాళ్లు బిగబట్టినవాళ్లే పాదాలు జారి తన్నుకుంటారు. ఏటిలోనైతే తల ఎగువకు వచ్చేలా వాల్చాలి. అప్పుడు ప్రవాహం ముక్కులోకి ఎక్కదు, లేపడానికీ సాయపడుతుంది. ఇసుక తవ్విన గుంతలున్నాయేమో ముందే కర్రతో చూడాలి. పలచని తెల్లబట్టలు తడిస్తే ఒంటికి అంటుకుంటాయి. ఆడవాళ్లకు ముదురు రంగు లోబట్టలు, గట్టున పట్టుకుని నిలబడే దుప్పటి తప్పనిసరి. మూర్ఛ, గుండెజబ్బు ఉంటే దాచకుండా చెప్పమనండి.

అపోహ: బాప్తిస్మంతో పేరు మార్చుకోవాలి.

అలాంటి ఆజ్ఞ లేదు. ఆధార్‌లో ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఇంకో పేరు ఉంటే పెళ్లి నమోదులో చిక్కులొస్తాయి.

అపోహ: పసితనంలో ఇచ్చే సంఘాలు వాక్యాన్ని లెక్కచేయవు.

మా బాప్టిస్టు సంఘాల్లో స్వయంగా నమ్మినవాళ్లకే ఇస్తాం, ఆ పట్టు మేం వదలం. కానీ కతోలికులు, లూథరన్లు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారు దేవుని నిబంధన (ఒడంబడిక), బైబిల్లోని ఇంటివారందరి బాప్తిస్మాల ఆధారంగా పసివాళ్లకిస్తారు. పెద్దయ్యాక ఆ పిల్లలు తమ నోటితో విశ్వాసం ఒప్పుకునే ఆరాధన వేరే ఉంటుంది. అక్కడినుంచి వచ్చినవాళ్లను ‘నీది చెల్లదు’ అని గద్దించి నీళ్లలోకి దించకండి. రోమా ఆరో అధ్యాయం వాళ్లతో కూర్చుని చదవండి, ఎన్ని వారాలు పట్టినా సరే. బాప్తిస్మం కావాలని అడగవలసింది వాళ్లే.