కప్ప ఒంటి మీద కాపురాలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వాన వెలిశాక వసారాలోకి గెంతిన కప్పను చిన్నవాడు పట్టుకుని, "ఛీ, జిగురు!" అంటూ వదిలేసి లాగుకు చేతులు తుడుచుకున్నాడు, గుర్తుందా? ఈ ఉత్తరం ఆ జిగురు గురించే.

ఆ జిగురులో బాక్టీరియా కాపురం ఉంటాయి. చెరువులో మునిగే ప్రాణి కదా, ఆ నీటిలో ఉన్నవే ఒంటికి పట్టి ఉంటాయని నేను చాలాకాలం అనుకున్నాను. అదే నిజమైతే ఒకే చెరువులో బతికే జాతులన్నిటి మీదా ఒకే రకాలు ఉండాలి. అమెరికాలోని కొలరాడోలో రెండు జాతుల కప్పలనూ, సాలమాండర్లనూ (చూస్తే బల్లిలా ఉంటుంది గాని కప్పకే చుట్టం) పట్టి పరీక్షించారు. ఈ పని చేసేవాళ్ల ఓపికను మెచ్చుకోవాలి. ప్రతి కప్పకూ కొత్త చేతితొడుగులు వేసుకుంటారు. పైపైన అంటిన బురద పోవడానికి ముందు శుభ్రమైన నీటితో కడుగుతారు. తర్వాత దూదిపుల్లతో పొట్ట, తొడలు, వేళ్ల సందులు మెల్లగా రుద్ది, కప్పను మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. 2012లో ఫలితం వచ్చింది. ఒంటి మీది బాక్టీరియా చెరువును బట్టి కంటే జాతిని బట్టే ఎక్కువగా మారుతున్నాయి. ఇరుగుపొరుగు కంటే ఇంటిపేరే గట్టిదన్నమాట!

వర్జీనియా చెరువుల్లో చూస్తే, కప్పల ఒంటి మీద గుంపులు కట్టిన రకాలు చుట్టూ ఉన్న నీటిలో బహు తక్కువగా దొరికాయి. నీరు విత్తనాలు చల్లుతుంది, మొలిచేవేవో చర్మం తేలుస్తుంది. చర్మ గ్రంథులు స్రవించే రసాలు జాతికో తీరు. అవి కొన్ని బాక్టీరియాకు గిట్టవు. పైగా కప్ప అప్పుడప్పుడు పైపొర విడిచి, దాన్ని నోటితో లాక్కుని తానే మింగేస్తుంది. దాంతోపాటే కాపురాలూ ఎన్నో లేచిపోతాయి.

అలాగని మట్టిని తీసిపారేయకండి. ప్రయోగశాలలో మట్టి లేని పెట్టెల్లో ఉంచిన సాలమాండర్ల మీద బాక్టీరియా రకాలు తగ్గిపోయాయి. మట్టి వేసిన పెట్టెల్లో అంతగా తగ్గలేదు.

కైట్రిడ్ అనే బూజు కప్పల చర్మానికి పట్టి దేశదేశాల్లో వాటిని చంపుతోంది. జాంతినోబాక్టీరియం అనే ఊదారంగు బాక్టీరియా ఆ బూజును అణిచే పదార్థం తయారుచేస్తుంది. కాలిఫోర్నియాలోని పసుపుకాళ్ల కొండకప్పలకు దాన్ని పట్టిస్తే బూజు సోకినా బతికాయి. ఆ సంగతి 2009లో వెలువడింది. సరే కదా అని పనామా బంగారు కప్పలకూ పట్టించారు. కొన్ని వారాలకే ఆ బాక్టీరియా జాడ లేకుండా పోయింది, కప్పలు చనిపోసాగాయి. ఆ చర్మం దానికి చోటివ్వలేదు.

చిన్నవాడా, ఈసారి కప్పను పట్టుకోవాలనిపిస్తే ముందు మామూలు నీటితో చేతులు తడుపుకో. సబ్బు చేతులతో వద్దు. వదిలాక మాత్రం సబ్బుతో కడుక్కో. లాగుకు తుడవకు.

మీ తాతయ్య